తొమ్మిది వేళ్ల చలి

మా వంటింటి గట్టు మీద, మిక్సీ పక్కన, ఐసు మిషన్ ఒకటి ఉంది. పెద్ద రైస్ కుక్కరంత ఉంటుంది. మూతలో చిన్న అద్దం కిటికీ. అందులోంచి తొంగి చూస్తే తొమ్మిది లోహపు వేళ్లు కిందికి వేలాడుతూ కనిపిస్తాయి. స్విచ్ వేయగానే ఒక బుల్లి తొట్టె లేచి వాటి కిందికి వస్తుంది. పంపు గుటగుటమంటూ తొట్టెలోకి నీళ్లు తోడుతుంది. వేళ్లు తొమ్మిదీ మునుగుతాయి.

మొదటి నిమిషంలో ఏమీ కనపడదు. రెండో నిమిషంలో వేళ్ల చుట్టూ నీళ్లు మసకబారతాయి. ఆ తర్వాత ఒక్కో వేలికీ తెల్లటి తొడుగు పుడుతుంది. దర్జీ వేలికి పెట్టుకునే అంగుస్తానాలా ఉంటుంది. చూస్తుండగానే తొడుగు లావెక్కుతుంది. ఏడెనిమిది నిమిషాలకు తొట్టె పక్కకు ఒరిగి, గడ్డకట్టని నీళ్లను కిందికి వంపేస్తుంది. లోపల ‘టిక్’మని ఒక వాల్వు తెరుచుకుంటుంది. ఇంతసేపూ చలిని తెచ్చిన గొట్టంలోకే ఈసారి వేడి ఆవిరి వస్తుంది. వేలిని అంటుకున్న ఐసు లోపొర వెంట్రుకవాసి కరుగుతుంది. టపటపా తొమ్మిది ముక్కలూ రాలతాయి. ఒక రేకు ముందుకు జరిగి వాటిని బుట్టలోకి తోస్తుంది. తొట్టె మళ్లీ లేస్తుంది.

మొదటి విడత పడ్డ రోజున మా అమ్మ ఒక ముక్క తీసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. తుపాకీ గుండు ఆకారం, లోపల బోలు. “ఇదేమిటిరా, మధ్యలో ఇంత బొక్క? సగం ఐసు ఎగ్గొట్టినట్టున్నాడే” అంది.

ఆ బొక్కకు జవాబు చెప్పాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి వెళ్లాలి. దానికంటే ముందు మా అమ్మ కుండ దగ్గరికి వెళ్లాలి.

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా సరే, శివరాత్రి వెళ్లగానే మాకు కొత్త కుండ రావలసిందే. కింద ఇసక, చుట్టూ తడిగుడ్డ. కుండ ఒళ్లంతా సన్నగా చెమరుస్తుంది. ఆ తడి ఆవిరి కావాలంటే వేడి కావాలి. దాన్ని కుండలోని నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడిని ఒక కేలరీ అంటారు. ఒక్క గ్రాము తడి ఆవిరైపోతూ సుమారు 580 కేలరీలు పట్టుకుపోతుంది. చెంచాడు తడి ఆరిపోతేనే చెంబెడు నీళ్లు చల్లబడతాయి. అయితే గాలి పొడిగా ఉంటేనే తడి త్వరగా ఆరుతుంది. అందుకే ఎండాకాలం అనంతపురం కుండలో నీళ్లు కాకినాడ కుండలో నీళ్లకంటే చల్లగా ఉంటాయి. కుండ ఎంత మంచిదైనా గాలి ఒప్పుకున్నంత వరకే చల్లబరుస్తుంది. నీటిని గడ్డకట్టించడం దాని వల్ల కాదు.

కుండ చేయలేని ఆ పనిని చేసిన మొదటి మనిషిగా విలియం కల్లెన్ పేరు చెబుతారు. స్కాట్లాండులో వైద్యం, రసాయన శాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసరు. ఆల్కహాల్‌లో ముంచి తీసిన థర్మామీటరులో పాదరసం ఉన్నట్టుండి పడిపోవడం ఆయన శిష్యుడొకరు గమనించాడు. మన కుండ చేసే పనే అది. కల్లెన్ ఆ తీగ పట్టుకుని లాగాడు. నీటికంటే త్వరగా ఆవిరయ్యే ద్రవం తీసుకుంటే? పైన ఉన్న గాలిని కూడా తోడేసి, ఆవిరికి అడ్డు లేకుండా చేస్తే? ఈథర్ పోసిన చిన్న పాత్రను, నీళ్లున్న కాస్త పెద్ద పాత్రలో పెట్టాడు. రెంటినీ గాజు మూత కింద ఉంచి పంపుతో గాలి తోడేశాడు. ఈథర్ సలసలా మరిగిపోయింది, మంట లేకుండానే. కొన్ని నిమిషాలకు నీళ్లలో చాలా భాగం గడ్డకట్టింది. 1756లో అచ్చయిన ఆయన వ్యాసంలో ఒక వివరం చదివి నేను ఆగిపోయాను. ఈథర్ పాత్ర చుట్టూ గట్టి ఐసు పొర తొడుగులా పట్టుకుందట. అంటే మనిషి యంత్రంతో చేసుకున్న తొలి ఐసుకూ మధ్యలో బొక్క ఉంది. మా గట్టు మీద తొమ్మిది వేళ్లు చేస్తున్నది కల్లెన్ పాత్ర చేసిన పనే.

కల్లెన్ దానితో వ్యాపారం చేయలేదు. ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లాక్ మాత్రం ఐసు గుట్టు విప్పాడు. కరుగుతున్న మంచుకు ఎంత వేడి అందించినా, అది పూర్తిగా కరిగేదాకా థర్మామీటరు కదలదు. ఆ వేడంతా ఎక్కడికి పోతోంది? మంచును నీరు చేయడానికే ఖర్చవుతోంది. 1760ల మొదట్లో బ్లాక్ దానికి గుప్తోష్ణం అని పేరు పెట్టాడు. ఈనాటి లెక్కలో అది గ్రాముకు 80 కేలరీలు. సున్నా డిగ్రీల నీరు సున్నా డిగ్రీల ఐసు కావాలన్నా ఆ 80 వదులుకోవాలి. 80 డిగ్రీల వేడినీళ్లను సున్నాకు దించడానికి ఎంత శ్రమో, అక్కడి నుంచి గడ్డకట్టించడానికి మళ్లీ అంత శ్రమ. ఐసు చేయడం ఎందుకంత కష్టమో, చేసిన ఐసు ఎందుకంత మెల్లగా కరుగుతుందో రెండింటికీ జవాబు ఈ ఒక్క అంకె. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా తేటగా కనిపిస్తుంది.

మన తెలుగు నేల మీద ఐసు దానంతట అది దొరికేది కాదు. లంబసింగిలో గడ్డిపోచల మీద మంచు గట్టిపడితేనే మనకు అది పత్రికల్లో వార్త. పొగమంచుకూ, ఆకు మీది మంచుబిందువుకూ, హిమాలయానికీ మనం ‘మంచు’ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకున్నాం. ఉత్తరాదిన మాత్రం దాన్ని సంపాదించే దారులు వెతికారు. అక్బరు ఆస్థానంలో నీళ్లు చల్లబరచడానికి సురేకారం వాడేవారని అబుల్ ఫజల్ ఐన్-ఇ-అక్బరీలో రాశాడు. సురేకారం నీటిలో కరుగుతూ వేడిని లాక్కుంటుంది; ఆ నీటిలో చెంబు పెట్టి పావుగంట తిప్పితే చెంబులో నీళ్లు చల్లబడతాయి. తుపాకీమందులో పడే సరుకు దాహం తీర్చడానికీ పనికొచ్చిందన్నమాట. దర్బారు పంజాబుకు మారాక కొండల నుంచి లాహోరుకు మంచు తెప్పించుకున్నారు.

అయినా నాకు అన్నిటికంటే ఇష్టమైనది అలహాబాదు పొలాల్లో సాగిన పద్ధతి. దాన్ని సర్ రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. ఆరుబయట నేలలో 30 అడుగుల చదరంలో, రెండడుగుల లోతున గోతులు తవ్వుతారు. అడుగున చెరకు పిప్పో, ఎండిన జొన్నచొప్పలాంటిదో జానెడు మందాన పరుస్తారు. దాని మీద వరసగా, మెరుగు పెట్టని పలుచటి మట్టి మూకుళ్లు. పొద్దుగూకే వేళకు వాటిలో కాచి చల్లార్చిన నీళ్లు పోస్తారు. తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే వచ్చి, మూకుళ్లలో కట్టిన ఐసు పెచ్చులను గంపలకెత్తి, గడ్డి పరిచిన లోతైన గోతిలో దట్టించి ఎండాకాలం దాకా దాచుకుంటారు. గాలి ఉష్ణోగ్రత సున్నాకు దిగని రాత్రుల్లో కూడా ఐసు కట్టేది.

ఎలా? మూకుడు చెమర్చడమే కారణమని చాలామంది అనుకున్నారు. విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు 1814లో మంచుబిందువుల మీద రాసిన గ్రంథంలో ఆ లెక్క సరిచేశాడు. ఆవిరే కారణమైతే గాలి వీస్తే ఐసు ఎక్కువ కట్టాలి. కానీ గాలి ఆడని, మబ్బు లేని రాత్రే ఐసు బాగా కట్టేది. పైగా పనివాళ్లు అడుగున గడ్డి తడిసిపోతే తీసేసి పొడిగడ్డి వేసేవాళ్లు. మూకుడులోని నీరు తన వేడిని నేరుగా ఆకాశానికి వెళ్లబోసుకుంటోంది. కింది గడ్డి నేల వేడిని పైకి రానివ్వడం లేదు. ఈ మర్మం ఆ పనివాళ్ల చేతులకు ముందే తెలుసు. వాళ్ల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. ఐసు చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఆ లోటు గుచ్చుకుంటుంది.

ఆ పలుచటి ఐసుకు పోటీగా 1833లో ఓడ వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి, చలికాలంలో చెరువుల మీద కట్టిన ఐసు కోయించి వేడి దేశాలకు పంపేవాడు. 1806లో కరీబియన్ దీవి మార్టినీక్‌కు మొదటి ఓడ పంపినప్పుడు ఊరంతా నవ్వింది. తర్వాత అప్పులపాలై జైలుకూ వెళ్లాడు. అయినా పట్టు విడవలేదు. నథానియల్ వైత్ అనే సహచరుడు గుర్రం లాగే ఐసు నాగలి చేసిపెట్టాడు. దానితో ఐసును దిమ్మలుగా, అంచులు కచ్చితంగా ఉండేలా కోయవచ్చు. దిమ్మకు దిమ్మ ఆనుకుంటే మధ్యలో గాలికి చోటుండదు, కరుగు తగ్గుతుంది. చుట్టూ కూరడానికి కోతమిల్లుల దగ్గర ఊరికే పడి ఉన్న రంపపు పొట్టు దొరికింది.

1833 మే 12న ‘టస్కనీ’ అనే ఓడ 180 టన్నుల ఐసుతో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలలు ప్రయాణించి, సెప్టెంబరులో హుగ్లీ నదిలోకి ప్రవేశించింది. సుమారు వంద టన్నుల ఐసు మిగిలి ఉంది! ఈస్టిండియా కంపెనీ అధికారులు సుంకం మాఫీ చేశారు. ఎండ తగలకుండా రాత్రిపూట దించుకోనిచ్చారు. గవర్నర్ జనరల్ బెంటింక్, సరుకు వెంట వచ్చిన ఏజెంటు రోజర్స్‌కు బంగారు పూత వేసిన వెండి కప్పు బహూకరించాడు. అంత దూరం ఐసును బతికించినది పొట్టు ఒక్కటే అనుకుంటే పొరపాటు. కరగాలంటే ప్రతి గ్రాముకూ 80 కేలరీలు లోపలికి రావాలి. పొట్టు వాటిని మెల్లగా రానిచ్చింది, అంతే. బ్లాక్ ప్రయోగశాలలో పట్టుకున్న అంకెను ట్యూడర్ ఓడకెక్కించాడు.

కలకత్తా, బొంబాయిల తర్వాత మద్రాసు వంతు. మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1842లో సముద్రం ఒడ్డున, గుండ్రటి ముఖంతో, ట్యూడర్ ఐసు కోసం ఒక కట్టడం లేచింది. మెరీనాకు వెళ్లిన తెలుగువాళ్లు దాన్ని చూసే ఉంటారు. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. 1897 ఫిబ్రవరిలో అమెరికా, యూరప్‌లలో పర్యటన ముగించుకుని వచ్చిన వివేకానంద స్వామి తొమ్మిది రోజులు అక్కడ బస చేశారు. అప్పటికి అందులో ఐసు లేదు, న్యాయవాది బిలిగిరి అయ్యంగార్ ఇల్లయింది. అయినా ఆ పేటను ఈనాటికీ ‘ఐస్ హౌస్’ అనే పిలుస్తారు. అమెరికా చెరువు నీళ్లు మద్రాసు గ్లాసుల్లో కరగడం అమెరికన్ రచయిత హెన్రీ థోరోను కూడా ఆలోచనలో పడేసింది. తాను కాపురమున్న వాల్డెన్ చెరువులో 1846–47 చలికాలంలో ట్యూడర్ మనుషులు ఐసు కోస్తుంటే ఆయన దగ్గరుండి చూశాడు. ఆ సంగతి తన ‘వాల్డెన్’ పుస్తకంలో మద్రాసు పేరుతో సహా రాశాడు.

మద్రాసులో ఐసు ఎందుకు నిండుకుంది? ఇక్కడే తయారవడం మొదలైంది కాబట్టి. ఆ మలుపుకు మూలం 1834లో, జేకబ్ పెర్కిన్స్ దగ్గర ఉంది. లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్, అప్పటికి ఏడు పదుల వయసుకు దగ్గర పడ్డవాడు. కల్లెన్ ప్రయోగంలో ఈథర్ ఆవిరైపోయి వృథా అయ్యేది. కుండ చెమట కూడా గాలిలో కలిసిపోవలసిందే. మనం మళ్లీ నీళ్లు పోసుకుంటాం. పెర్కిన్స్ ఆ ఆవిరిని పోనివ్వలేదు. పంపుతో పట్టి నొక్కాడు. నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడిని బయటి నీళ్లకు వదిలేసి ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, సన్నటి దారిలోంచి వెనక్కి వదిలితే మళ్లీ మరిగి మళ్లీ చలి పుట్టిస్తుంది. ఎంత తిప్పినా సరుకు తరగదు. ఫ్రిజ్, ఏసీ, మా గట్టు మీది మిషన్ అన్నీ పెర్కిన్స్ పేటెంటు తీసుకున్న ఆ చక్రం బిడ్డలే. నన్నడిగితే ఈ కథ మొత్తంలో అసలైన ఆవిష్కరణ ఇది. చలి పుట్టించడం కుండకూ తెలుసు. పోయే ఆవిరిని వెనక్కి తేవడం ఈ యంత్రంతో వచ్చింది.

పెర్కిన్స్ యంత్రం అంగట్లోకి రాలేదు. తర్వాత ఐసు యంత్రం కట్టిన ఇద్దరికీ ఎవరి కారణం వారికుంది. ఫ్లోరిడాలోని అపలాచికోలా రేవులో జాన్ గోరీ అనే డాక్టరు, జ్వరాలతో కాలిపోతున్న రోగుల గదుల్లో పైకప్పు దగ్గర ఐసు గిన్నెలు వేలాడదీసేవాడు. ఆ ఐసు ఉత్తరాది నుంచి ఓడలో రావాలి. ఓడ రాకపోతే రోగికి చలువ లేదు. అందుకే తనే గాలిని నొక్కి, వదిలి ఐసు చేసే యంత్రం తయారు చేశాడు. 1851లో అమెరికా ప్రభుత్వం ఆయనకు పేటెంటు ఇచ్చింది. దాని నంబరు 8080. డబ్బు పెట్టేవాడు కరవై, పత్రికల ఎగతాళి భరించి, 1855లో ఆ డాక్టరు కన్నుమూశాడు. 1914లో ఫ్లోరిడా రాష్ట్రం ఆయన విగ్రహాన్ని అమెరికా పార్లమెంటు భవనంలో పెట్టింది. రోగి పక్కన కూర్చున్నవాడికి పుట్టిన యంత్రం కనుక గోరీ పేరు తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. రెండోవాడు జేమ్స్ హారిసన్, ఆస్ట్రేలియాలో గీలాంగ్ అనే ఊళ్లో పత్రికా సంపాదకుడు. అచ్చు అక్షరాలను ఈథర్‌తో కడుగుతుంటే లోహం చల్లబడిపోవడం గమనించాడు. 1850లలో ఈథర్‌తో నడిచే ఐసు యంత్రం కట్టి, పేటెంటు తీసుకుని, అమ్మాడు కూడా. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే 1859లో ఈథర్ బదులు అమ్మోనియాను పట్టుకున్నాడు. ఆపైన 1874లో మద్రాసులో, 1878లో కలకత్తాలో ఐసు కంపెనీలు పుట్టాయి. బోస్టన్ ఓడల రాక క్రమంగా ఆగిపోయింది.

మా చిన్నప్పుడు ఐసంటే ఆ అమ్మోనియా ఫ్యాక్టరీల ఐసే. పెళ్లిళ్లకు ఐసు తేవడానికి నాన్న నన్ను అక్కడికి వెంటబెట్టుకుని వెళ్లేవారు. పెద్ద తొట్టెలో ఉప్పునీళ్లు, అందులో వరసగా నిలువుటి రేకు డబ్బాలు, పైన చెక్క మూతలు. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా వాసన. ఉప్పునీరు సున్నాకు కిందికి దిగినా గడ్డకట్టదు. డబ్బాల్లోని మంచినీటిని అన్ని వైపుల నుంచీ గడ్డకట్టిస్తుంది. డబ్బాను పైకెత్తి మామూలు నీళ్లలో ముంచితే దిమ్మ వదులై జారుతుంది. దిమ్మ అంచులు గాజులా స్వచ్ఛంగా ఉండి, నడుమ తెల్లటి కాడలాంటి మరక ఉండేది. గడ్డకట్టే నీరు తనలోని గాలినీ, ఉప్పులనూ లోపలికి నెట్టుకుంటూ పోతే, చివరికి అవన్నీ నడుమ చిక్కుపడతాయి. ఊకలో పొర్లించి, గోనెసంచిలో చుట్టి, సైకిలు క్యారియర్ మీద కట్టి ఇంటికి తెస్తే దారి పొడుగునా నీటి చారిక. భీమవరం చుట్టుపక్కల చేపలూ రొయ్యలూ ఊరు దాటాలంటే ఈనాటికీ ఇలాంటి దిమ్మలే కావాలి.

ఆ దిమ్మ కట్టడానికి ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టేది. అమ్మ అడిగిన బొక్కకు జవాబు ఇక్కడే ఉంది. ఐసు తనకు తానే దుప్పటి. చలి తగిలే చోట మొదటి పొర కట్టగానే, వెనకున్న నీటి వేడి ఆ పొరను దాటి రావాలి. పొర లావెక్కే కొద్దీ దారి కష్టమవుతుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు. పది రెట్లయితే వంద రెట్లు. ఏడు నిమిషాల పని వంద రెట్లయితే దాదాపు పన్నెండు గంటలు. కనుక త్వరగా ఐసు కావాలంటే లావెక్కకముందే రాల్చేసుకోవాలి. గట్టు మీది మిషన్ చేసేది ఇదే. వేలి చుట్టూ పలుచటి తొడుగు కట్టగానే వదిలించేసి మళ్లీ మొదలుపెడుతుంది. బొక్క ఉన్నచోట వేలుండేది. అమ్మకు ఇలాగే చెప్పాను. కాసేపు ఆలోచించి, “పూతరేకులాగానా? కుండ మీద పలుచగా పొర తీసి, మళ్లీ గుడ్డ వేస్తారు, అలాగేగా” అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

ఫ్యాక్టరీకీ గట్టుకూ నడుమ కథ త్వరగా నడిచింది. 1913లో షికాగోలో ఫ్రెడ్ వుల్ఫ్ అమ్మకానికి పెట్టిన ‘డోమెల్రే’ అనే ఇంటి ఫ్రిజ్‌లో ఐసు ముక్కల ట్రే ఉండేది. ట్రేలోంచి ఐసును ఊడదీయడం మరో యాతన. 1920లలో లాయిడ్ కోప్‌మన్ అనే అమెరికన్ మంచులో నడుస్తుంటే, రబ్బరు బూట్లు వంగినప్పుడల్లా వాటికి పట్టిన మంచు పెళ్లలుగా రాలడం చూశాడు. రబ్బరు ట్రే అలా పుట్టింది. 1933లో గై టింకమ్ వంగే ఉక్కు ట్రే చేశాడు. మనం ఇప్పుడు మెలితిప్పే ప్లాస్టిక్ ట్రే ఈ బూట్ల వంశమే. ట్రే జోలికే పోకుండా ఐసు దానంతటదే పడే ఫ్రిజ్‌ను 1953లో సర్వెల్ కంపెనీ తెచ్చింది. తర్వాత హోటళ్ల పెద్ద యంత్రాలు, చిన్న కంప్రెసర్లు, చివరికి ఫ్రిజ్‌తో పనిలేకుండా గట్టు మీద కూర్చునే ఈ పెట్టె.

ఇందులో తిరిగే వాయువుదీ ఒక కథే. తొలి ఫ్రిజ్‌లలో సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వంటి విషవాయువులు ఉండేవి. కారిపోతే ప్రాణాలు పోయేవి. 1930 నాటికి ఫ్రియాన్ అనే వాయువు వచ్చి ఆ భయం తీర్చింది. అది ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు చెప్పారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని పక్కన పెట్టడం మొదలైంది. ఇప్పటి చిన్న యంత్రాల్లో చాలావాటిలో ఐసోబ్యూటేన్ ఉంటుంది. సుమారు మైనస్ 12 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, ఓజోన్‌కు హాని లేదు. మన వంటగ్యాసుకు దగ్గరి చుట్టం కూడా. యంత్రంలో ఉండేది కొద్ది గ్రాములే అయినా మండే వాయువు. ఐసు ఇరుక్కుంటే కత్తితోనో స్క్రూడ్రైవరుతోనో పొడవకూడదని చెప్పేది ఇందుకే. స్విచ్ ఆపి పది నిమిషాలు ఊరుకుంటే అదే రాలుతుంది.

వాడకంలో నేను నేర్చుకున్నవన్నీ ఆ 80 దగ్గరికే వచ్చి ఆగాయి. ఇలాంటి మిషన్ల మీద రోజుకు 12 కిలోలని రాసి ఉంటుంది. అంటే నిమిషానికి ఎనిమిది గ్రాములు. ఏడు నిమిషాల విడతకు 58 గ్రాములు. పెద్ద గ్లాసుడు నిమ్మరసాన్ని, అంటే పావు లీటరును, 32 డిగ్రీల నుంచి 10కి దించాలంటే 5,500 కేలరీలు తీయాలి. గ్రాము ఐసు కరిగి 10 డిగ్రీలకు వచ్చేలోపు 90 కేలరీలు మింగుతుంది. లెక్క వేస్తే 61 గ్రాములు. ఒక విడత, ఒక గ్లాసు. పదిమంది చుట్టాలొస్తే గంటా పది నిమిషాలు. కాబట్టి వాళ్లు రైలు దిగామని ఫోన్ చేసినప్పుడే స్విచ్ వేస్తాను. మే నెలలో ట్యాంకు నీళ్లు పోయకుండా కుండ నీళ్లో ఫ్రిజ్ నీళ్లో పోస్తాను. 32 డిగ్రీల నీటికి గ్రాముకు 112 కేలరీలు తీయాలి, 10 డిగ్రీల నీటికి 90 చాలు. అయిదో వంతు పని తగ్గుతుంది.

మొదటి రోజు రెండు తప్పులు చేశాను. ఆటోలో ఒరగబెట్టి తెచ్చిన మిషన్‌ను ఇంటికి రాగానే ఆన్ చేశాను. ఒరిగినప్పుడు కంప్రెసర్‌లో నూనె గొట్టాల్లోకి పోతుంది. అది వెనక్కి దిగేదాకా కొన్ని గంటలు నిలువుగా ఉంచాలి. మర్నాడు దాన్ని గోడకూ ఫ్రిజ్‌కూ మధ్య సందులో ఇరికించాను. గంట గడిచేసరికి ఐసు కాగితంలా పలుచగా పడసాగింది. వెనక చేయి పెడితే సెగ. నీళ్లలోంచి తీసిన వేడి ఎక్కడికీ మాయం కాదు. మోటారు వేడిని కూడా కలుపుకుని పక్క జాలీలోంచి మన వంటింట్లోకే వస్తుంది. చుట్టూ జానెడు ఖాళీ, దగ్గరలో కిటికీ ఉండేలా మార్చాక ముక్కలు నిండుగా పడ్డాయి.

దీని బుట్ట ఫ్రీజర్ కాదు. గోడలు దళసరిగా ఉంటాయి కానీ లోపల చలిపెట్టేది ఏదీ లేదు. ఐసు మెల్లగా కరిగి కింది నీళ్లలోకే దిగుతుంది. పంపు ఆ నీళ్లనే మళ్లీ వేళ్ల దగ్గరికి తోడుతుంది. ముక్కలు తడితడిగా, సున్నా డిగ్రీల దగ్గర ఉంటాయి. ఫ్రీజర్ ఐసులా నాలుకకు అతుక్కోవు. తడి ఐసు తక్కువ చల్లబరుస్తుందనుకుంటారు కొందరు. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ ఐసు సున్నాకు వచ్చేలోపు మింగేది గ్రాముకు తొమ్మిది కేలరీలే. అసలు బలం కరగడంలో ఉన్న 80. పైగా లోపల బోలు కనుక ఈ ముక్కలు రెండు వైపులా కరుగుతాయి. గ్లాసు వేగంగా చల్లబడుతుంది.

గడ్డకట్టని నీళ్లలో మాత్రం ఉప్పులు పేరుకుంటాయి. దిమ్మ నడుమ తెల్లటి కాడకు కారణమైన గుణమే ఇది. మాది బోరు నీళ్ల పేట. మొదట్లో నేరుగా ఆ నీళ్లే పోశాను; నెల తిరక్కుండా వేళ్లకు సున్నం పట్టింది. ఇప్పుడు ఫిల్టరు నీళ్లే. పదిహేను రోజులకొకసారి నిమ్మరసం కలిపిన నీళ్లతో ఒకటి రెండు విడతలు తిప్పి, ఆ ఐసు పారబోసి, మంచినీళ్లతో కడిగేస్తాను. ఐసు క్రిములను చంపదు, నిద్రపుచ్చుతుంది. తాగడానికి పనికిరాని నీళ్లతో చేసిన ఐసు కూడా తాగడానికి పనికిరాదు. బజారులో చెరకు రసంలో పడే దిమ్మ ఏ నీటిదో కంటితో చూసి చెప్పలేం. తినడానికి పనికిరాని ఐసుకు నీలి రంగు కలపాలని 2018లో ఆహార భద్రతా సంస్థ చెప్పవలసి వచ్చింది. ఇంట్లో ఐసు చేసుకోవడానికి నాకు బలంగా కనిపించే కారణం ఇదే.

టెక్సాస్‌లో ఉన్న మా చెల్లెలు గుండు ఐసు కొనదు. వాళ్లింట్లో నమిలే ఐసు మిషన్ ఉంది. గొట్టం లోపలి గోడకు కట్టిన ఐసును మర చెక్కి, అదిమి, మెత్తటి పలుకులుగా చేస్తుంది. ఆ రకం యంత్రాన్ని ఇంటి గట్టు మీదికి తెచ్చిన ‘ఓపల్’ కోసం 2015లో జనం ముందుగానే పాతిక లక్షల డాలర్లకు పైగా చందాలిచ్చారు. “మజ్జిగలో వేసుకుంటే ఎంత బాగుంటుందో తెలుసా అన్నయ్యా” అంటుంది. రుచి చూశాను, నిజమే. కానీ నాకు తొమ్మిది వేళ్లు నీళ్లలో మునగడం చూడాలి.

రాత్రి పడుకోబోయే ముందు కింద బిరడా తీసి, మిషన్‌లో మిగిలిన నీళ్లు గిన్నెలోకి వంపుతాను. నిల్వ ఉంచకూడదు. సగం కరిగిన ముక్కలు రెండు మూడు తేలుతుంటాయి. “పారబొయ్యకు, ఇలా ఇవ్వు” అంటుంది అమ్మ. గిన్నె అందుకుని, కుండ కింద ఇసక మీద చుట్టూ పోస్తుంది. మిగిలినది గుడ్డ మీద చిలకరిస్తుంది. ఇసక చుయ్‌మని పీల్చుకుంటుంది. ఐసు ముక్కలు కుండ మొదట్లో కాసేపు మెరిసి, కనపడకుండా పోతాయి.